పాట వెనుకనున్న కట్టడము

వరిచేనిలో నీరు నిలిచియుండుట త్రోవను పోవు ప్రతివానికిని కనబడును. ఆ నీరు ఏ కాలువనుండి ఏ బోదెకు, ఏ బోదెనుండి ఏ మడికి వచ్చినదో యెఱిగినవాడు రైతు. గుడ్లవల్లేరు ప్రాంతమువారికి ఈ మాట వివరింప నక్కఱలేదు. సాహిత్యమందును ఇంతే. పాట విని తల యూపువారు వేలకొలది. అర్థము ఏ త్రోవను పాఱి మన చెవికి చేరినదో అడుగువారు బహుకొద్దిమంది. ఆ కొద్దిమందిలో వెల్చేరు నారాయణరావుగారు ముందువరుసలోనివారు.

ఇట్టి ప్రశ్నకు పాశ్చాత్యులు నిర్మాణవాదమని పేరు పెట్టిరి. 1916లో, మరణానంతరము అచ్చయిన ససూరుని ఉపన్యాసములు దీనికి మొదలు. పులిజూదమునందు రాయికి విలువ రాయివలన రాదు. అది నిలిచిన చోటువలనను, తక్కిన రాళ్లతోడి సంబంధమువలనను వచ్చును. మాటయు నట్టిదే యని యాతని సిద్ధాంతము. 1928లో రష్యా దేశీయుడగు ప్రాప్ అద్భుతకథలను పరిశీలించి, పాత్రల పేరులు మాఱినను వాని పనులు 31 మాత్రమే యని తేల్చెను. ఇది పరదేశపు సరకని మనము బెదరుట తగదు. ససూరు సంస్కృతాధ్యాపకుడు, ఆతడు పట్టమునకై వ్రాసిన వ్యాసము సతి షష్ఠిని గూర్చినది. పాణినిని కన్న దేశమునకు నియమములచే వాక్కును తెలియుట క్రొత్త విద్యయా?

నారాయణరావుగారు శ్రీకాకుళము జిల్లాలో జన్మించి, ఏలూరు కళాశాలలో తెలుగు బోధించి, 1971 మొదలు అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున దశాబ్దులపాటు ఆచార్యులుగా నుండిరి. వారిని నిర్మాణవాది యను ఒక్క పేరితో కట్టివేయుట న్యాయము కాదు. వారి దృష్టి చరిత్రమీదను, పాడువారిమీదను, వినువారిమీదను గూడ నిలిచినది. అయినను, విడికృతిని విడిగా చూడక, కృతుల నడుమనున్న సంబంధమును చూచుట వారి పద్ధతికి ప్రాణము. 1978లో వెలువడిన "తెలుగులో కవితా విప్లవాల స్వరూపం" కవుల జీవితముల పట్టికను ప్రక్కకు పెట్టి, కవిత్వపు రూపమే ఎప్పుడు, ఏల మాఱినదని విచారించినది.

1986లో ప్రకటించిన వ్యాసమున వారు ఆఱు తెలుగు వీరగాథలను ఎదురెదురుగా నిలిపిరి. పల్నాటి కథ, కాటమరాజు కథ, బొబ్బిలి కథ ఒక వైపు. కన్యకమ్మ, కామమ్మ, సన్యాసమ్మ కథలు ఒక వైపు. మొదటి మూడింట పురుషుడు నాయకుడు, యుద్ధము ప్రధానము. రెండవ మూడింట స్త్రీ నాయిక. ఆమె కత్తి పట్టదు, ఆత్మత్యాగముచే దేవత యగును. భూమిని నమ్మిన కులముల గాథకును, వర్తకమును నమ్మిన కులముల గాథకును కట్టడమే వేఱని వారు చూపిరి. ఏండ్ల తరబడి ఈ కథలు వినుచుండియు మనము చూడనిది ఇదియే గదా!

1991లో అచ్చయిన మఱియొక వ్యాసము మన యిండ్లలోని స్త్రీల రామాయణపు పాటలను గూర్చినది. ఊర్మిళ నిద్ర, శాంత పెత్తనము, సీత వేవిళ్లు – ఇవి పండితులు ప్రక్కకు నెట్టిన పాటలు. వీనినన్నిటిని ఒకచోట కూర్చి చూచినచో, యుద్ధము వెనుకకు పోయి, ఇల్లు ముందునకు వచ్చిన వేఱొక రామాయణము నిలుచును. 1994లో రామానుజన్, షుల్మన్ గారలతో గూడి మన పొరుగుననున్న మొవ్వ క్షేత్రయ్య పదములను ఆంగ్లమున వెలువరించిరి. భక్తుడు దేవుని వేడుకొను చోట, వెలయాలు దేవునితో బేరమాడుట యెట్లు వచ్చినదో, ఆ మార్పును నాయకరాజుల కాలపు ధనప్రభావముతో ముడిపెట్టి వివరించిరి.

ఇందుకు రెండు ఆక్షేపణలు గలవు. వారు ఎక్కువగా ఆంగ్లముననే వ్రాసిరనుట మొదటిది. అది నిజమే. కాని యా వ్రాతలను తెలుగు చేసి మన పఠనమందిరములకు తెచ్చు భారము ఎవరిది? కట్టడమును లెక్కించినచో రసము చచ్చుననుట రెండవది. ఇందు కొంత బలమున్నది. నూఱు పదముల కట్టడ మొకటే యని తెలిసినను, క్షేత్రయ్య పదము గుండెను తాకుటకును, అనుకర్త పదము చెవిదగ్గఱనే ఆగుటకును కారణము ఆ లెక్క చెప్పజాలదు. అది రసికుని పని. అయినను కూచిపూడి భామాకలాపము ఎఱుగని వానికంటె, సూత్రధారుడెవరో, మాధవి యెందులకో యెఱిగి చూచినవానికే సత్యభామ జడ వేయుటలోని సొగసు అధికముగా తెలియును. కట్టడపు జ్ఞానము రసమునకు శత్రువు కాదు, గట్టు.

అసలు భయము వేఱొకటి. తిరుగలి మూలబడినది, తిరుగలి పాట మూగవోవుచున్నది. ఒక ముదుసలి కన్ను మూసినప్పుడు పోవునది ఒక్క పాట కాదు. పులిజూదములో నాలుగు రాళ్లు పోయినచో మిగిలినవి రాళ్లే గాని ఆట కాదు. పాటలు ఒకదానివలన ఒకటి అర్థవంతములని ఒప్పుకొన్నయెడల, నాలుగు పాటలను సంకలనమున కెక్కించి సంతోషించుట చాలదు. పాడినదెవరు, ఏ వేళ పాడినది, ఎవరి యెదుట పాడినది, దానికి జవాబుగా వేఱొకరు పాడినదేమి – ఇన్నియు వ్రాసికొనినగాని కట్టడము దక్కదు.

యంత్రవిద్యకై గుడ్లవల్లేరునకు ఎందఱో యువకులు, యువతులు వచ్చుచున్నారు. యంత్రమును విప్పి, ఏ పండ్లచక్రము దేనిని త్రిప్పునో చూచు కన్ను వారికున్నది. పాటను పదిలపఱచు సాధనము ప్రతివారి జేబులోనున్నది. లేనిదెల్ల అక్కఱయే. ఈ సంక్రాంతి సెలవులకు ఇల్లు చేరినప్పుడు అమ్మమ్మ ప్రక్కన ఒక్క సాయంకాలము కూర్చుండుడు, పాడుమని యడుగుడు, విని వ్రాసి, ఊరి గ్రంథాలయమున నుంచుడు. మన పాటల తీరు మనకు దెలుపుటకు ఒక తెలుగువాడు సముద్రములు దాటి కృషిచేసెను. మనము దాటవలసినది ఇంటి గడప మాత్రమే.