నిద్ర సరే... నడకేదీ?

'కాలేజీ లేదు, బస్సు కోసం పరుగులు లేవు. పైగా ఇంటి వంట. ఇక పిల్లల ఆరోగ్యానికి ఢోకా ఏముంది?' 2020 మార్చిలో కరోనా వల్ల హాస్టళ్లు ఖాళీ అయినప్పుడు చాలామంది తల్లిదండ్రులు ఇలాగే అనుకున్నారు. కొన్ని నెలలు తిరిగేసరికి కొందరికి పాత జీన్స్ నడుము దగ్గర బిగిసింది. 'పొద్దెక్కేదాకా పడుకుంటే అంతే మరి' అన్న దెప్పుళ్లూ మొదలయ్యాయి. మరి, తప్పంతా నిద్రదేనా?

అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయ పరిశోధకులు 139 మంది విద్యార్థుల నిద్రను లాక్‌డౌన్‌కు ముందూ, ఆ సమయంలోనూ పోల్చి చూశారు. ఏడు గంటలూ అంతకుమించి నిద్రకు కేటాయించేవారు 84 నుంచి 92 శాతానికి పెరిగారు. తరగతులున్న రోజుల్లో అరగంట అదనపు నిద్ర దొరికింది. కాకపోతే నిద్ర వేళే 50 నిమిషాలు ఆలస్యమైంది. కంటినిండా నిద్ర మంచిదే కదా!

అసలు పోయింది నడక. బస్‌స్టాప్‌కి, లైబ్రరీకి, మెస్‌కి, మేడమీది క్లాసుకి... వ్యాయామమని ఎవరూ లెక్కేయని నడక అది. అరవై కిలోల బరువున్న వ్యక్తి నాలుగు కిలోమీటర్లు నడిస్తే దాదాపు 200 క్యాలరీలు ఖర్చవుతాయి. ఆన్‌లైన్ క్లాసులతో ఆ ఖర్చు ఆగింది. వంటిల్లేమో నాలుగడుగుల దూరంలోనే ఉంది!

అర్ధరాత్రి దాకా ఫోన్ చూసి, పొద్దున్నే క్లాసుకి లేచేవారిది ఇంకో చిక్కు. 2004లో షికాగో విశ్వవిద్యాలయంలో 12 మంది యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. రెండేసి రాత్రులు పది గంటలు పడుకున్నప్పటితో పోలిస్తే కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ 18 శాతం తగ్గింది. ఆకలి పుట్టించే గ్రెలిన్ 28 శాతం పెరిగింది. ఆకలితోపాటు తీపి, చిరుతిళ్ల మీద కోరికా పెరిగింది. అర్ధరాత్రి ఫ్రిజ్ తలుపు తెరుచుకునేది ఊరికే కాదన్నమాట.

ఆ కాలం పోయినా అప్పటి అలవాట్లు కొన్ని మిగిలే ఉన్నాయి. అందుకే...

* సెలవైనా సరే, రోజూ ఒకే వేళకు పడుకోవాలి, లేవాలి.

* పడుకునే ముందు ఫోన్ పక్కగదిలో పెట్టేయాలి.

* వారానికి కనీసం 150 నిమిషాల వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు చురుగ్గా నడిస్తే చాలు.

బరువు గురించి నలుగురిలో వెక్కిరిస్తే పిల్లలు గదిలోంచి బయటికే రారు. పొద్దున్నే దుప్పటి లాగే బదులు, సాయంత్రం 'పద, అలా నడిచొద్దాం' అని చూడండి. మీకూ మంచిదే!