రెండో వైపు ఎవరు వింటారు?

మా ఇంటి అటక మీద దొరికిన క్యాసెట్ మీద ఒకే ఒక్క అక్షరం రాసి ఉంది: శ్రీ. శుభలేఖ పైన రాస్తారే, అచ్చం అలా. అమ్మ చూసి "వేంకటేశ్వరస్వామి పాటలు కావచ్చు, శనివారం పెడదాంలే" అంది. కోఠి గుజరాతీ గల్లీలో బెల్టు మార్పించుకొచ్చిన టేప్‌రికార్డర్‌లో, శనివారం పొద్దున్నే, అగరుబత్తీలు వెలిగించి మరీ పెట్టాం.

మొదలైంది ‘గాయం’ సినిమా పాట. బాలు గారు జనాన్ని కడిగిపారేస్తుంటే అమ్మ చేతిలో హారతి పళ్ళెం అలాగే ఆగిపోయింది. లోపలి గదిలోంచి నాన్న నవ్వు వినిపించింది. "అది దేవుడు శ్రీ కాదే. మ్యూజిక్ డైరెక్టర్ శ్రీ!"

నాకు నవ్వు రాలేదు. సిగ్గేసింది. ఎందుకంటే పోయినేడు మన క్లబ్ మ్యూజిక్ క్విజ్‌లో ‘గాయం’కి సంగీతం ఎవరని అడిగితే బజర్ నొక్కి మరీ "కీరవాణి" అన్న మహానుభావుణ్ణి నేనే. ఆ ఒక్క ప్రశ్నతో మా టీమ్ ఓడిపోయింది. అప్పుడు దాన్ని పొరపాటు అనుకున్నా. ఇప్పుడు అలవాటు అనుకుంటున్నా. పాట బాగుంటే, మనకి తెలిసిన నలుగురైదుగురు పెద్దవాళ్ళలో ఎవరో ఒకరి ఖాతాలో వేసేసి ముందుకు పోతాం. మిగతావాళ్ళ పేర్లు అలా మెల్లగా చెరిగిపోతాయి.

శ్రీ అంటే కొమ్మినేని శ్రీనివాస చక్రవర్తి. వందల సినిమాలకి పాటలు కట్టిన చక్రవర్తి గారి అబ్బాయి. 1993లో ‘మనీ’, ‘గాయం’. 1996లో ‘లిటిల్ సోల్జర్స్’. 1997లో ‘అనగనగా ఒకరోజు’, ‘సింధూరం’. ఈ సినిమాల పేర్లు మనలో చాలామందికి తెలుసు. పాటలూ తెలుసు. మనిషి పేరు మాత్రం తెలియదు. 2015 ఏప్రిల్‌లో ఆయన పోయారు. యాభై ఏళ్ళు కూడా నిండలేదు.

పోనీ ఇప్పుడైనా విందామని ఫోన్‌లో ఒక యాప్ తెరిచి ‘శ్రీ’ అని కొట్టా. శ్రీరామ స్తోత్రం వచ్చింది, శ్రీ సూక్తం వచ్చింది, శ్రీ అని మొదలయ్యే సింగర్లంతా వచ్చారు. శ్రీ మాత్రం రాలేదు. ఒక మనిషి పేరు ఒక్క అక్షరం అయిన పాపానికి వెతుకులాటలోంచే మాయమైపోయాడు. సినిమా పేర్లతో ఒక్కొక్కటీ వెతికి, నేనే ఒక ప్లేలిస్ట్ కట్టుకోవాల్సి వచ్చింది.

ఇక ఆ క్యాసెట్ కథ. నాన్న 1997లో జనగామ నుంచి అమీర్‌పేటకి కంప్యూటర్ కోచింగ్ కోసం వచ్చారు. ఎర్రమంజిల్ వెనక సందుల్లో ఒక గది. "రూమ్‌ల ఆరుగురం ఉంటుంటిమి. పొద్దుగాల కోచింగ్, పగలు ఇంటర్వ్యూలు. రాత్రి వచ్చినంక ఎవ్వనికీ మాట్లాడ బుద్ధి కాకపోతుండె. గీ క్యాసెట్ ఏస్తుంటిమి" అన్నారు. ఆ రోజుల్లో రికార్డింగ్ షాపులుండేవట. కావాల్సిన పాటల లిస్టు కాగితం మీద రాసిస్తే ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించి ఇచ్చేవాళ్ళు. నాన్న ఒక వైపుకి సరిపడా చిరంజీవి పాటలు రాసిచ్చారు. అరవై నిమిషాల క్యాసెట్. ఇంకో ముప్పై నిమిషాలు ఖాళీ. "అన్నా, రెండో దిక్కు ఏం ఎయ్యాలె?" అని షాపు కుర్రాడు అడిగితే "నీ ఇష్టం" అన్నారట. ఆ కుర్రాడు తనకిష్టమైన పాటలు నింపి, పైన ‘శ్రీ’ అని రాసి ఇచ్చాడు.

ఆరుగురిలో నలుగురికి ఉద్యోగాలొచ్చాయి. నాన్నకి రాలేదు. ఇప్పుడు అదే అమీర్‌పేటలో, కోచింగ్‌లకొచ్చే పిల్లలకి నోట్స్ జిరాక్స్ తీసిస్తుంటారు. చిరంజీవి పాటలు ఎవరైనా వేస్తారు గనక ఆయన గుర్తుపెట్టుకోలేదు. ఎవరో ముక్కూమొహం తెలియని కుర్రాడు నింపిన రెండో వైపు మాత్రం, ఏ పాట తర్వాత ఏది వస్తుందో, ఎక్కడ టేప్ నలిగి గొంతు వంకర తిరుగుతుందో, అంతా ఇప్పటికీ చెప్పగలరు.

నిజానికి నేను ఈ వ్యాసం "మన తరం ఆల్బమ్ వినడం మానేసింది, పాతతరం గొప్పది" అని మొదలుపెడదామనుకున్నా. కుదరలేదు. ఎందుకంటే మా నాన్న లిస్టు కూడా ప్లేలిస్టే కదా! ఏరుకుని వినడం మనం కనిపెట్టిందేమీ కాదు. తేడా ఒక్కటే. వాళ్ళకి రెండో వైపు అనేది ఒకటి ఉండేది. కొన్న క్యాసెట్లలో కూడా ఒక వైపు మీరు కోరుకున్న సినిమా, రెండో వైపు అడగని ఇంకో సినిమా వచ్చేది. డబ్బులు పెట్టాం గనక విని తీరేవాళ్ళు. మనకి యాప్ వాడు మనం ఇప్పటికే విన్నదాన్ని పోలిందే ఇస్తాడు. మనకి అన్నీ మొదటి వైపులే.

అందుకని ఈ సెమిస్టర్ ఒక పని మొదలుపెట్టా. రోజూ ఎర్రమంజిల్‌లో మెట్రో ఎక్కి జేఎన్‌టీయూ స్టేషన్‌లో దిగుతా. అరగంటకి కాస్త అటూ ఇటూ. ఐదారు పాటల ఆల్బమ్‌కి సరిగ్గా సరిపోతుంది. రూల్ ఒకటే: ఎక్కాక పాట మార్చకూడదు. నచ్చని పాట కూడా పూర్తిగా వినాలి.

‘గాయం’ అలా విన్నప్పుడే తెలిసింది. సిరివెన్నెల గారు రాసిన ఆ ఆవేశం పాట ఒక్కటే నాకు తెలుసు. అదే ఆల్బమ్‌లో చిత్ర గారు పాడిన తేలికపాటి పాట ఒకటుంది, బరువంతా దించేసి కిటికీ దగ్గర కూర్చున్నట్టుంటుంది. రెండూ ఒకే మనిషి, ఒకే సంవత్సరం, ఒకే కవితో కట్టినవి. ఆ తర్వాత ‘లిటిల్ సోల్జర్స్’లో అదే మనిషి పిల్లలతో కలిసి అల్లరి చేస్తాడు. ఒక్క హిట్ పాట వింటే పాట తెలుస్తుంది. మొత్తం వింటేనే మనిషి తెలుస్తాడు.

తర్వాత ‘మేఘసందేశం’. 1982 సినిమా. సంగీతం రమేశ్ నాయుడు గారు. ఒక్క ఆల్బమ్‌కి మూడు జాతీయ అవార్డులు: సంగీతానికి ఆయనకి, గానానికి జేసుదాస్ గారికి, సుశీల గారికి. దీన్ని మరుగున పడిందని ఎలా అంటావు అంటారేమో. పేరు మరుగున పడలేదు, వినడం మరుగున పడింది. సాహిత్య క్లబ్ వాళ్ళం గనక అడుగుతున్నా: పన్నెండో శతాబ్దపు జయదేవుడి అష్టపదులు, 1980లోనే వెళ్ళిపోయిన కృష్ణశాస్త్రి గారి భావగీతాలు, వాళ్ళ పక్కనే వేటూరి గారి పాటలు ఒకే చోట ఎక్కడ దొరుకుతాయి? విడివిడిగా వింటే ఇవి మంచి పాటలు. వరుసగా వింటే అమీర్‌పేట నుంచి మూసాపేట లోపల ఎనిమిది వందల ఏళ్ళు దాటిపోతాయి. ఆయనవే ‘ముద్దమందారం’, ‘శ్రీవారికి ప్రేమలేఖ’ కూడా వినండి. 1987లో ‘స్వయంకృషి’ వచ్చింది, అదే ఏడాది ఆయన పోయారు.

మా బ్యాచ్‌లో ఒకడు ఇదంతా విని గట్టిగానే తగులుకున్నాడు. "మామా, సినిమా పాటలకి ఆల్బమ్ ఏంది రా? డైరెక్టర్ సిచ్యుయేషన్ చెప్తడు, వీళ్ళు ట్యూన్ కడతరు. క్యాసెట్‌ల వరుస కంపెనీవాడు పెట్టిందే. నువ్వు ఊకె లేని అర్థాలు ఎతుకుతున్నవ్."

వాడన్నదాంట్లో నిజముంది. మొదటి పాట నుంచి చివరి పాట దాకా ఒకే ఆలోచనతో అల్లిన ఆల్బమ్ కావాలంటే సినిమా బయటికి వెళ్ళాలి. ఇళయరాజా 1986లో చేసిన ‘హౌ టు నేమ్ ఇట్’ అలాంటిది. త్యాగరాజుకీ, బాఖ్‌కీ కలిపి అంకితమిచ్చిన వాద్య సంగీతం. మన ‘గీతాంజలి’ రాజాని ఇష్టపడేవాళ్ళలో ఎంతమంది దాన్ని పూర్తిగా విన్నారో చేతులెత్తండి. నేనూ పోయిన నెల దాకా ఎత్తలేదు. కానీ సినిమా ఆల్బమ్‌కి వరుస ముఖ్యం కాదని ఒప్పుకున్నా, అది కొన్ని నెలలపాటు ఒక సంగీత దర్శకుడి బుర్రలో ఏం తిరిగిందో చెప్పే కాగితం. హిట్ పాట అందరి కోసం కట్టింది. హిట్ కాని పాటలో ఆయన తన కోసం ఏదో ప్రయత్నించి ఉంటాడు. నాకు ఆసక్తి ఆ రెండోదాని మీద.

మా స్టేషన్ పేరు సంగతే చూడండి. ఫక్రుల్ ముల్క్ అనే నవాబు 1870 ప్రాంతంలో గుట్ట మీద కట్టుకున్న మహల్ అది. అసలు పేరు ఇరం మంజిల్. జనం నోట ‘ఎర్ర’ అయిపోయింది. రోజూ ఆ పేరున్న స్టేషన్లో ఎక్కే నాకు, 2019లో కొత్త అసెంబ్లీ కోసం దాన్ని కూల్చేస్తారన్న గొడవ వచ్చేదాకా అక్కడ ఒక మహల్ ఉందనే తెలియదు. హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది గనక మిగిలింది. మనకి విలువ తెలిసేది పోతుందన్నప్పుడే. 2021లో సిరివెన్నెల గారు పోయిన వారం అందరి స్టేటస్‌లలో ఆయన పాటలే. నాదీ పెట్టా. ఆయన ఉన్నప్పుడు ఒక్క ఆల్బమ్ కూడా చివరిదాకా విననివాణ్ణి.

పాటలకి హైకోర్టు లేదు. క్యాసెట్ నలిగిపోతే, యాప్‌లో పేరు తప్పుపడితే, మన క్విజ్‌లో నాలాంటోడు తప్పు చెప్తే అడిగేవాళ్ళుండరు. వినేవాడు ఒక్కడుంటే చాలు. అది మనమే కావాలి.

మొన్న సాయంత్రం జిరాక్స్ షాపులో నాన్నకి ఇయర్‌ఫోన్స్ ఒకటి ఇచ్చి, ఒకటి నేను పెట్టుకుని నా ప్లేలిస్ట్ వేశా. మెషిన్ తిరుగుతోంది, ఎవరో పిల్లవాడు జావా నోట్స్ కోసం నిలబడ్డాడు. ఒక పాట మధ్యలో నాన్న ఉన్నట్టుండి చెయ్యెత్తారు. "గిక్కడ ఆగాలె" అన్నారు. పాట ఆగలేదు, శుభ్రంగా సాగిపోయింది. ఆ టేప్ నలిగిన చోటు అది. ఇన్నేళ్ళలో ఆ రెండు సెకన్లు ఆయన మొదటిసారి విన్నారు. "గిట్లుంటదా" అని, కాగితాల కట్ట అందించారు.

మీ ఇళ్ళల్లో కూడా అటకలుంటాయి. ఈ సెలవుల్లో ఎక్కి చూడండి. దొరికిందాంట్లో ఒకటి రెండో వైపు చివరిదాకా విని, వచ్చే సంచికకి రాసి పంపండి. సంగీతం ఎవరిదో పేరు మాత్రం సరిగ్గా రాయండి.