కూర్చుండుటయే గౌరవమా?

కూర్చుండి తినిన కొండలైనను కరగునని మన పెద్దల మాట. ధనము తఱుగునని వారి భయము. నేడు మన కోనసీమలో ధనముకంటె ముందుగ ఆరోగ్యమే కరగుచున్నది. ఈ విషయమున మా యభిప్రాయమును చదువరుల ముందుంచుచున్నాము.

గౌతమీ వసిష్ఠల నడుమనున్న యీ సీమలో మన తాతల దినములందు వ్యాయామమను పేరే యక్కఱలేకుండెను. రేవువఱకు నడక, పడవ దిగి మరల నడక, వరి నాటుట, కోయుట, దంచుట, నీరు తోడుట. వీనిచేతనే దేహము కదలుచుండెను. పిమ్మట వంతెనలు, మోటారు బండ్లు, కోత యంత్రములు వచ్చినవి. వీనిని మేము నిందింపము. తల్లులను రోకటిపోటునుండి విడిపించిన యంత్రమును నిందించుట కృతఘ్నత. కాని పోయిన కదలికకు బదులుగ మఱియొకదానిని మనము కల్పించుకొనలేదు.

జెరెమీ మారిస్ అను వైద్యుడు లండను నగరపు బస్సులవారిని పరిశీలించి 1953లో ఒక సంగతి ప్రకటించెను. దినమంతయు కూర్చుండి బండి నడపువారికంటె, మెట్లెక్కుచు దిగుచు టిక్కెట్లిచ్చు కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగ నుండెను. ఎడతెగక కూర్చుండుట మధుమేహమునకును తోడ్పడునని పిమ్మటి పరిశోధనలు తెలుపుచున్నవి. వయోజనులకు వారమునకు 150 మొదలు 300 నిమిషముల మితమైన శ్రమ వలయుననియు, కూర్చుండు కాలమును తగ్గించుకొనవలయుననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పెను. 2022 నాటి యంచనా ననుసరించి మన దేశపు వయోజనులలో ఇంచుమించు సగముమందికి, స్త్రీలలో నూటికి 57 మందికి, ఆ మాత్రపు శ్రమయు లేదు.

ఇది కేవలము సోమరితనమని కొందఱందురు. మేమట్లు తలపము. మోకాళ్ల నొప్పిచే కూర్చున్నవారికి, కూర్చుండుటచేతనే నొప్పి హెచ్చును. బిడ్డలు గల్ఫు దేశములకో హైదరాబాదునకో పోగా, ఒంటరియైన వృద్ధులకు టెలివిజనే తోడు. సాయంకాలము నడువబోయిన స్త్రీకి బాటప్రక్కన చోటు లేదు. చూచువారి ప్రశ్నలు మాత్రము గలవు. నడచి పోవు పెద్దమనిషిని "బండి లేదా?" యని జాలిపడుదురు.

అన్నిటికంటె పెద్ద దోషము మనదే. "చక్కగ చదువుము, లేనిచో కొబ్బరిచెట్టెక్కవలసి వచ్చును" అని బిడ్డలను బెదరించుచున్నాము. కాలుమీద కాలువేసికొను బ్రతుకే మేలైనదని చిన్ననాడే నేర్పి, నలువదియేండ్లకు వైద్యుడు నడువుమనగా ఆశ్చర్యపడుచున్నాము. ఇక దింపు తీయువారో, ఒళ్లంతయు అరుగునట్లు శ్రమింతురు. శ్రమయంతయు ఒకరికిని, విశ్రాంతియంతయు మఱియొకరికిని పంచిపెట్టిన సంఘమున ఇరువురికిని ఆరోగ్యము లేదు.

కావున మేము కోరునవి స్వల్పములు. బడి విడిచిన పిదప మన ఆటస్థలమును తల్లిదండ్రులకు తెఱచియుంచవలెను. స్త్రీలకు వేఱు వేళ నియమింపవలెను. కాలువగట్లపై చెత్త పోయుట మాని నీడచెట్లు పెంచవలెను. ఉదయము నడచితిమని తృప్తిపడి, తక్కిన దినమంతయు కుర్చీని అంటిపెట్టుకొనియుండరాదు. గంటకొకసారియైనను లేచి నాలుగడుగులు వేయవలెను. కొబ్బరిచెట్టు పేరు చెప్పి బిడ్డలను బెదరించుటయు నేటినుండియే మానవలెను.

మనము ప్రభువని కొలుచు నతడు వడ్రంగి. ఆయన యూరినుండి యూరికి కాలినడకనే తిరిగెను. ఆయన పేర వెలసిన బడిలో చేతిపనియు కాలినడకయు చిన్నతనముగ నెంచబడుట తగదని మా మనవి.