ముందు గొట్టాన్ని కొలవండి
జాన్ బ్రౌనింగ్ రూపొందించిన 1894 నమూనా వించెస్టర్ లీవర్ యాక్షన్ రైఫిల్ ఇప్పటికీ అమెరికా వేటగాళ్ల చేతుల్లో ఉంది. దానికోసం ఇంట్లోనే సీసం పోతపోసి తూటాలు తయారుచేసుకునేవారిలో చాలామంది, గురి కుదరకపోతే మందు మోతాదు మార్చడానికే తొందరపడతారు. అది పొరపాటు. ముందు కొలవాల్సింది గొట్టాన్ని. లోపలి గాడుల అడుగున కొలిచిన వ్యాసం కంటే గుండు కనీసం అంగుళంలో వెయ్యో వంతైనా లావుండాలి. సన్నగా ఉంటే వేడి వాయువు పక్కలనుంచి దూసుకుపోయి సీసాన్ని కోసి గొట్టానికి పూస్తుంది. ఆ మకిలి పట్టాక ఏ మందు మార్చినా గురి నిలవదు. ఇక గుండు మూతి మొద్దుగానే ఉండాలి. గొట్టపు మ్యాగజైన్‌లో ఒక తూటా మొన ముందున్న తూటా ప్రైమర్‌కు ఆనుకుని ఉంటుంది కనుక, సూదిమొన సీసపు గుండైతే కుదుపుకే పేలే ప్రమాదముంది. గురి కోసం ఈ జాగ్రత్తను వదిలేయమని ఎవరు చెప్పినా వినకండి.