మార్కుల్లేని సబ్జెక్టు

ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలో మన పిల్లలు ఏళ్ల తరబడి ఒక చిత్రమైన పరీక్ష రాశారు. పేరు పర్యావరణ విద్య. పాసవడం తప్పనిసరి, వచ్చిన మార్కులు మాత్రం మొత్తంలో కలిసేవి కావు. న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో 1991లో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని పాఠంగా చెప్పాలంది. కోర్టు మాట కాదనలేక చేర్చాం, ఎంసెట్‌కు అక్కరకు రాదని పక్కన పెట్టాం. ముందురోజు రాత్రి గైడు తిరగేస్తే గట్టెక్కే సబ్జెక్టుగా మిగిలింది.

ఆ లెక్క ఎంత తప్పో తిరువూరులో నిలబడి చూస్తే తెలుస్తుంది. చుట్టూ మామిడి తోటలు. పదో తరగతి కాగానే స్తోమతున్న ఇంటి బిడ్డ బెజవాడ హాస్టల్లో చేరతాడు. కాల్షియం కార్బైడ్‌కు నీళ్లు తగిలితే ఎసిటిలీన్ పుడుతుందని అక్కడ బట్టీ పడతాడు. అదే కార్బైడ్‌తో కాయలు మాగబెట్టడం నిషేధమని, తాతగారి తోటలోని బంగినపల్లికీ ఆ సమీకరణానికీ చుట్టరికం ఉందని ఎవరూ చెప్పరు. విదేశాలకు పండు పంపాలంటే పురుగుమందుల అవశేషాల పరీక్ష నెగ్గాలి. నేలను ఎరిగినవాడే ఆ బజారులో నిలుస్తాడు.

తిరువూరు నియోజకవర్గంలోనే ఎ.కొండూరు తండాలను కిడ్నీ జబ్బులు పీడిస్తున్నాయి. తాగిన బోరునీటి మీదే జనానికి అనుమానం. ఆ తండా బడిలో నీళ్ల పరీక్షను మించిన సైన్సు పాఠం ఏముంటుంది?

పోటీ వద్దనడం మా ఉద్దేశం కాదు. మెట్ట రైతు బిడ్డకు ఇంజినీరింగ్ సీటు బతుకుదారి. 2008లో నూజివీడుకు ట్రిపుల్ ఐటీ వచ్చిందీ పల్లె పిల్లల కోసమే. కానీ గెలుపంటే ఊరు వదలడమే అన్నట్టు చదువు చెబుతున్నాం. మరోవైపు, పొలం గట్టున రైతుకు రైతే పాఠం చెప్పుకున్న మన ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయం 2024లో గుల్బెంకియన్ అంతర్జాతీయ బహుమతిని పంచుకుంది. ఆ పాఠం చెప్పినవారిలో పొదుపు సంఘాల ఆడవాళ్లూ ఉన్నారు.

తిరువూరు ప్రాంత ఉపాధ్యాయులకు ఒక మనవి. బోరు ఎన్ని అడుగులు దిగిందో, కట్టలేరులో నీళ్లు ఏ నెల దాకా పారాయో, తోటకు ఏ మందు ఎన్నిసార్లు కొట్టారో ఈ ఏడాది పిల్లలచేత అడిగించి, కొలిపించి, రాయించండి. ప్రాజెక్టు మార్కులు దానికే వేయండి.