బాలల క్యాన్సర్ పరిశోధన: సూదికి దారి చూపే అల్ట్రాసౌండ్

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి తెలుగు కుటుంబాలు స్థిరపడిన ఖరగ్‌పూర్‌లో, స్టేషన్ తరువాత అందరూ ఎరిగిన చిరునామా ఐఐటీ. వైద్యులకు ఇంజినీరింగ్ విద్యను అందించే ప్రత్యేక విభాగం అక్కడ 2001లో ఏర్పడింది. కోల్‌కతాలోని టాటా మెడికల్ సెంటర్‌తో కలిసి ఆ సంస్థ క్యాన్సర్ రోగుల స్కాన్ చిత్రాల భాండాగారాన్ని కూడా రూపొందించింది. అయితే స్కాన్ చిత్రం వ్యాధి తీరును మాత్రమే చెబుతుంది. కొత్త ఔషధం పనిచేస్తుందా అన్నది రోగికి ఇవ్వకముందే తేలాలంటే, నేటికీ చాలావరకు ఎలుకలపై పరీక్షలే ఆధారం. చిన్నారుల క్యాన్సర్ల విషయంలో చిక్కంతా ఇక్కడే ఉంది.

ఐదేళ్లలోపు పిల్లల్లో ఎక్కువగా కనిపించే న్యూరోబ్లాస్టోమానే తీసుకుందాం. మూత్రపిండంపై ఉండే అడ్రినల్ గ్రంథిలో ఇది తరచుగా మొదలవుతుంది. ఈ కణాలను ఎలుక చర్మం కింద ఎక్కించడం పాత పద్ధతి. కణితి పెరుగుతుంది గానీ, పుట్టిన చోటు అది కాదు కనుక ఎముక మజ్జకు పాకే దాని స్వభావం సరిగా బయటపడదు. పొట్ట కోసి గ్రంథిని చేరుకోవచ్చు; కాని అంత చిన్న ప్రాణికి ఆ శస్త్రచికిత్సే పెద్ద గండం. అల్ట్రాసౌండ్ ఈ ఇబ్బందిని తప్పించింది. మత్తులో ఉన్న ఎలుక గ్రంథినీ, సూది మొననూ తెరపై ఒకేసారి చూస్తూ, కోత లేకుండానే కణాలను చేర్చవచ్చు. తరువాత అదే ఎలుకను పదేపదే స్కాన్ చేసి కణితిని కొలవవచ్చు గనుక, బలయ్యే జంతువుల సంఖ్యా తగ్గుతుంది.

అమెరికాలోని సెయింట్ జూడ్ ఆసుపత్రి పరిశోధకులు 168 మంది రోగుల కణితుల నుంచి 12 రకాల క్యాన్సర్లకు 67 నమూనాలను సిద్ధం చేసినట్లు 2017లో ప్రకటించారు. పెద్దల క్యాన్సర్ మందు గురిపెట్టే అణువు పిల్లల క్యాన్సర్‌లోనూ కీలకమైతే, కంపెనీలు పిల్లల్లోనూ అధ్యయనం చేయాలన్న నిబంధన ఆ దేశంలో 2020 ఆగస్టు నుంచి అమలులో ఉంది. పిల్లల రోగులు తక్కువ. పరీక్షించాల్సిన మందులు ఎక్కువ. ఏది ముందు ఇవ్వాలో సూచించేది ఇటువంటి నమూనాలే.

సంపన్న దేశాల్లో క్యాన్సర్ సోకిన పిల్లల్లో 80 శాతానికి పైగా కోలుకుంటుండగా, పేద, మధ్యాదాయ దేశాలు అనేకంలో అది 30 శాతం లోపేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆలస్యంగా రోగ నిర్ధారణ కావడం, చికిత్స మధ్యలో ఆగిపోవడం ఇందుకు ప్రధాన కారణాలు. వాటిని ఏ ఎలుకా సరిదిద్దలేదు. కాని చికిత్సకు లొంగక తిరగబెట్టిన వ్యాధి ఉన్న బిడ్డకు కొత్త మందే దిక్కు.

హౌరా నుంచి ఖరగ్‌పూర్‌కు సుమారు 115 కిలోమీటర్లు. సజీవ కణజాలానికి అది దాటరాని దూరమేమీ కాదు. కావలసినవి తల్లిదండ్రుల సమ్మతి, జంతు ప్రయోగాల నైతిక సంఘం అనుమతి, తొలగించిన కణితి అంతా ఫార్మలిన్‌లోకి వెళ్లకముందే ఒక ముక్కను పరిశోధకుడి చేతికిచ్చే ఏర్పాటు.