చిత్రలేఖనానికి గుడ్డ కొనే ముందు



చిత్రలేఖనం పోటీ రాగానే మనం దుకాణంలో అట్టకు అంటించిన కాన్వాసు కొని పిల్లల చేతికిస్తున్నాము. నీలం నగర్‌లో మరమగ్గాల చప్పుడు మధ్య నివసించే మనం, మంచి గుడ్డను గుర్తించడం పిల్లలకు నేర్పకపోవడం విచారకరం. నా మనవి ఒక్కటే: గుడ్డను పిల్లలచేతనే ఎంపిక చేయించండి, ఆ పని తెలుగులో చేయించండి.

గుడ్డను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడమనండి. పడుగు, పేక సమంగా ఉన్నాయా? ముడులు పైకి తేలాయా? నేత పలుచనైతే చట్రానికి బిగించిన తరువాత సాగి వదులవుతుంది. గంజి పోయేలా ఉతికి, ఆరిన తరువాతే బిగించాలి. తైలవర్ణాలలోని నూనె నేరుగా తగిలితే నూలు క్రమంగా చివికిపోతుంది. అందుకే ముందుగా జెస్సో అనే తెల్లని పూత వేయాలి.

ఈ విద్య మనకు కొత్తది కాదు. తెలంగాణలోని చేర్యాల నకాషీ చిత్రకారులు ఖాదీ గుడ్డకు గంజి, చింతగింజల జిగురు, తెల్లసుద్ద కలిపి పూసి పటం సిద్ధం చేస్తారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణాన్ని కథకులు వినిపించినది అటువంటి పటాలను చూపుతూనే.

పడుగు, పేక, పోగు, గంజి: ఈ మాటలను మన పిల్లలు ఇంట వింటారు, తరగతిలో వినరు. బడిలో చోటులేని మాటను పిల్లవాడు త్వరలోనే విడిచిపెడతాడు. ఈసారి పోటీకి ఒక మీటరు నూలుగుడ్డ కొనండి. అది బాగుందో లేదో, ఎందుకో, పిల్లవానినే తెలుగులో చెప్పనివ్వండి.